పట్టిన చెయ్యి

మేస్త్రి చూడని వస్తువును చెక్కడు. ఒకసారి దేవదూత రెక్కలు చెక్కాల్సి వస్తే ఎక్కడినుంచో చచ్చిన కొంగనొకదాన్ని సంపాదించి, ఇల్లంతా కంపు కొట్టి భార్య చీపురు ఎత్తేదాకా దాన్ని బల్లమీద పరుచుకుని కూర్చున్నాడు. ఈ పట్టుదల వల్ల పని ఆలస్యమవుతుంది, చెయ్యమన్నవాళ్లు విసుక్కుంటారు, తీరా చేసింది చూశాక నోరు మూసుకుని పట్టుకుపోతారు.

అలాంటివాడికి చర్చి ఫాదర్ గారు పాత పలకల బొమ్మలున్న పుస్తకం చూపించి ఒక పని అప్పజెప్పారు. పీఠం వెనక గోడకి ఆనించి నిలబెట్టడానికి ఆరడుగుల చెక్కపలక. దానిమీద మనుషులు ఉండరు. క్రీస్తు కూడా ఉండడు. మధ్యలో ఒట్టి సిలువ, చుట్టూ ఆయన్ని హింసించిన సామాను: ముళ్ల కిరీటం, మేకులు, వాటిని దిగ్గొట్టిన సుత్తి, పీకిన పట్టకారు, నిచ్చెన, ఈటె, చిరక అనే పులిసిన ద్రాక్షరసంలో ముంచిన స్పాంజి, ఆయన బట్టల కోసం సైనికులు వేసిన పాచికలు, ఆయనెవరో నాకు తెలీదని శిష్యుడు పేతురు బొంకినప్పుడు కూసిన కోడి, ఆయన్ని కట్టేసిన స్తంభం, కొరడా, కర్ర.

"మనిషి బొమ్మ పెడితే జనం అయ్యోపాపం అనుకుని వెళ్లిపోతారు," అన్నారు ఫాదర్ గారు. "సామాను పెడితే, ఇది మా ఇంట్లో కూడా ఉందే అనుకుంటారు. నాకు కావలసింది అది."

మేస్త్రికి ఆ మాట తెగ నచ్చింది. అయితే మీ జనం ఇళ్లనుంచే తెప్పించండి, వాడి వాడి అరిగినవే కావాలి, కొత్తవి నేను ముట్టుకోను అన్నాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఫాదర్ గారు జాబితా చదివి వినిపించారు. పేర్లు రాయనక్కర్లేదు, గుమ్మం పక్కన పెట్టెలో వేసి వెళ్లండి, పని అయ్యాక మళ్లీ అందులోంచే తీసుకుపోండి అన్నారు.

సోమవారం పొద్దున్నే గంటాయన మొదటి గోనెసంచి మోసుకొచ్చాడు. చర్చిలో గంట కొట్టేది ఆయనే. గంట కొట్టే పని రోజుకి మూడుసార్లే కాబట్టి మిగిలిన పొద్దంతా మాట్లాడుతూ ఉంటాడు. ఒక భుజాన సంచి, రెండో చంకలో బతికున్న కోడిపుంజు.

"ఇది మాదే," అన్నాడు, దాన్ని బల్లకోడుకి కట్టేస్తూ. "పేతురు గారు ఒక్కసారి కూత వినే వెక్కివెక్కి ఏడ్చారట. మా పక్కింటావిడ రోజూ ఏడుస్తోంది. నాలుగు రోజులు ఉంచుకోండి మేస్త్రీ గారూ, పుణ్యం ఉంటుంది."

కిటికీ దగ్గర బల్లమీద సుద్ద నూరుతున్న మేస్త్రి కూతురు నవ్వింది. ఆమెకి ముప్ఫై తొమ్మిదేళ్లు. తండ్రి చెక్కినదానికి సుద్దపూత పెట్టి, రంగులు వేసి, బంగారు రేకు అంటించే పని ఆమెది. చెక్కడంలోనూ తక్కువది కాదు. చేతులు, మొహాలు ఇప్పుడు తండ్రికన్నా ఆమే బాగా చేస్తుంది, ఆ సంగతి మేస్త్రే నలుగురికీ చెప్పుకు తిరుగుతాడు. పెళ్లయి రెండు వీధుల అవతల ఉంటుంది. పొద్దున భర్తని ఆఫీసుకి, పాపని బడికి పంపి ఇక్కడికి వస్తుంది.

గంటాయన సంచి గుమ్మరించాడు. మేస్త్రికి ఒక సరదా ఉంది. పిడి చూసి పట్టినవాడి గుట్టు చెప్పేస్తాడు. పట్టకారు తీసి వెలుతురు కేసి తిప్పాడు.

"ఎడమచేతి వాటం. చెప్పులు కుట్టే ఆయన."

"చెప్పులు కుట్టే ఆయనదని ఎట్లా తెలిసింది?" గంటాయన అడిగాడు.

"దవడలో మైనం ఉంది. ఎడమ పిడి లోపలివైపు అరిగింది. ఈ మధ్య ఆ బొటనవేలు నొప్పెడుతోంది ఆయనకి. చూడు, పిడికి గుడ్డ చుట్టుకున్నాడు."

"పోయిన నెల కట్టు కట్టించుకున్నాడండీ," అన్నాడు గంటాయన, దెయ్యాన్ని చూసినట్టు.

సుత్తి ఎవరో పొట్టిమనిషిది, మోచేతి నుంచి కొడతాడు గానీ భుజం వాడడు. పాచికలు కాగితంలో పొట్లం కట్టి వచ్చాయి. వాటి మూలలు నున్నగా గుండ్రంగా అరిగి ఉన్నాయి. మేస్త్రి వాటిని అరచేతిలో దొర్లించి, "ఇవి ఎవరివో నేను చెప్పను, సంసారాలు చెడతాయి," అన్నాడు. గంటాయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఫాదర్ గారు మధ్యాహ్నం పని చూడ్డానికి వచ్చి, ముందుగా చెక్కి ఉంచిన సిలువకి కూతురు రేకు అంటించడం చూస్తూ నిలబడిపోయారు. బంగారు రేకు ఊపిరి తగిలితే ఎగిరిపోతుంది. అందుకని అంటించేటప్పుడు ఆమె ఊపిరి బిగబట్టేది. వెడల్పాటి కుంచెని చెంపకి రాసి, ఆ కాస్త జిడ్డుతో రేకుని ఎత్తి, పూత మీద వాల్చి, అప్పుడు మొహం పక్కకి తిప్పి గాలి వదిలేది.

"ఇంత ఒడుపు ఎట్లా నేర్పారు మేస్త్రీ?"

"ఓపిక ఫాదర్ గారూ. ఏడేళ్లప్పుడు మొదలెట్టించాను. నేర్పేవాడికి ఉండాల్సింది ఓపిక ఒక్కటే. ఒక మాట అనకుండా నేర్పాను. ఇప్పుడు మా మనవరాలికీ ఏడు నిండాయి. చెయ్యి అచ్చం వాళ్లమ్మదే. సెలవులు వచ్చే వారమే. రోజూ రెండు గంటలు ఇక్కడ కూర్చోబెట్టమంటున్నాను. ఇది ఎటూ తేల్చదు."

"చూద్దాం నాన్నా," అంది కూతురు, వెనక్కి తిరక్కుండానే.

"ఆర్నెల్లుగా ఇదే మాట," అన్నాడు మేస్త్రి. "నా తర్వాత నువ్వు. నీ తర్వాత ఎవరమ్మా? ఈ ఉలులన్నీ పాత ఇనుముకి పోతాయా?"

ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో నిజంగానే దిగులుంది. అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి. మనవరాలు వచ్చి ఆ కిటికీ దగ్గర కూర్చుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకుంటున్నాడు. పిల్ల కోసం ఒక పొట్టిబల్ల కూడా చేయించి మూలన పెట్టాడు.

బుధవారం రెండో సంచి వచ్చింది. ఆ వేళకి ఫాదర్ గారు కూడా అక్కడే ఉన్నారు. నిచ్చెన ఎవరు ఇచ్చారో చూడాలని వచ్చారట. గంటాయన సంచిలోంచి తాడు, పాత ఎద్దుల కొరడా, నాలుగు పెద్ద మేకులు తీసి, అడుగున పాత తువ్వాలులో చుట్టి ఉన్నదాన్ని చివరికి తీశాడు. మూరన్నర పొడుగు కర్ర. బొటనవేలంత లావు.

"జాబితాలో చివరిది," అన్నాడు గంటాయన. "కొట్టిన కర్ర. చెప్పండి మేస్త్రీ గారూ, ఎవరి జాతకం ఇది?"

మేస్త్రి కళ్లద్దాలు సర్దుకున్నాడు. కర్రని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, కూతురి భుజం మీదుగా వెలుతురులో పెట్టి తిప్పాడు. ఆమె సిలువ అంచుకి రేకు అంటిస్తోంది.

"కుర్చీ వీపుకి ఉండే కడ్డీ ఇది. కుర్చీ విరిగాక దీన్ని వేరే పనికి పెట్టుకున్నారు. ఇటు చివర పట్టారు. వార్నీషు దాదాపు పోయి చెక్క నల్లబడింది చూడండి. ఇది ఒకటి రెండు రోజుల్లో అయ్యేది కాదు. ఏళ్లు పట్టింది."

"అంటే గొడ్డుని తోలడానికా?" అన్నారు ఫాదర్ గారు.

"గొడ్డుని కొడితే కొస చీలుతుంది. ఈ కొస చీలలేదు. కొసకి నాలుగు వేళ్ల ఇవతల, ఒకే పక్క, ఇన్ని నొక్కులు పడ్డాయి." మేస్త్రి గోటితో తడిమి చూపించాడు. "బల్ల అంచు ఇది. కొట్టేవాడు చెయ్యి బల్లమీద పెట్టమనేవాడు. చెయ్యి వెనక్కి లాక్కుంటే దెబ్బ బల్లకి తగిలేది. లాక్కోనప్పుడు తగిలిన దెబ్బలకి కర్రమీద గుర్తు ఉండదు."

గంటాయన నవ్వడం మానేశాడు.

"పిల్లల చెయ్యి," అన్నాడు మేస్త్రి. పని ధ్యాసలో పడ్డాడు, గొంతు పెరిగింది. "పెద్దవాళ్లని బల్లమీద చెయ్యి పెట్టమని ఎవరూ కొట్టరు. కోపంలో కొట్టింది కూడా కాదండీ. కోపంలో మనిషి చేతికందింది తీసుకుని ఎక్కడపడితే అక్కడ పట్టుకుంటాడు. ఇక్కడ ఎప్పుడూ ఒకేచోట పట్టాడు. కుంచె పట్టినట్టు, గరిట పట్టినట్టు. వీడికిది అలవాటు. అన్నం తిన్నంత తేలిగ్గా కొట్టి ఉంటాడు, కొట్టాక మర్చిపోయి ఉంటాడు. ఇలాంటివాడి దగ్గరికి పిల్లని పంపిన తల్లిని అనాలి ముందు."

"ఎట్లా పట్టేవాడంటారు?" అన్నారు ఫాదర్ గారు మెల్లిగా.

"ఇదిగో ఇట్లా," అని మేస్త్రి కుడిచెయ్యి కర్రకి వేసి వేళ్లు మూశాడు.

వేళ్లు వెతుక్కోలేదు. పాత చెప్పులో కాలు దూరినట్టు ఒక్కొక్కటీ దాని చోట్లో దిగింది. బొటనవేలు పైన, చూపుడువేలు, మధ్యవేలు. ఉంగరపు వేలు దగ్గర మాత్రం వార్నీషు ఇంకా ఉంది, గోధుమరంగులో, వేలి కొసంత. అక్కడ ఏ వేలూ ఆనలేదు. మేస్త్రి ఉంగరపు వేలు పైకణుపు లేదు. పెళ్లయిన కొత్తలో రంపం మిషనులో పోయింది. మిగిలిన మొండి వేలు ఆ వార్నీషు మచ్చకి ఇవతలే ఆగిపోయింది.

మేస్త్రి అలాగే చూస్తూ ఉండిపోయాడు. చెక్క పగుళ్లలో తెల్లగా ఏదో ఉంది. ఇందాకే చూశాడు, సున్నమేమో అనుకున్నాడు. అది సుద్ద. సన్నంగా నూరి, జిగురు కలిపిన సుద్ద. ఆ పూత పెట్టే ఇల్లు ఆ చుట్టుపక్కల ఇదొక్కటే. కర్రని బల్లమీద పెట్టేశాడు.

"ఒకే కొలత చేతులు బోలెడుంటాయి మేస్త్రీ గారూ," అన్నాడు గంటాయన. కోడి దగ్గరికి పోయి, గట్టిగానే ఉన్న ముడిని మళ్లీ కట్టాడు. ఫాదర్ గారు తలుపు దాకా నడిచారు.

కూతురు కుంచెని చెంపకి రాసుకుంది. రేకుని ఎత్తి సిలువ మీద వాల్చింది. మొహం పక్కకి తిప్పి గాలి వదిలింది. తండ్రి కేసి చూడలేదు.

ఆ సాయంత్రం పనిగదిలోంచి ఇంట్లోకి పోయేసరికి భార్య మంచం మీద బట్టలు మడతపెడుతోంది. మేస్త్రి చెప్పులు కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు.

"అమ్మాయి చిన్నప్పుడు నేను కొట్టేవాణ్నా?"

ఆమె మడత ఆపలేదు. "ఇప్పుడెందుకండీ అవన్నీ?"

"కొట్టేవాణ్నా అని అడిగాను."

"పని నేర్పేటప్పుడు."

"ఎప్పుడో ఒకటో రెండో వేసి ఉంటాను. బెదిరించడానికి."

ఆమె దిండుగలేబు మూలలు కలిపి, చేత్తో చదును చేసింది. చాలాసేపు అదే చదును చేస్తూ ఉంది.

"సాయంత్రం ఆరయ్యేసరికి నేను కుళాయి తిప్పేదాన్ని," అంది. "బకెట్టు నిండి పోతున్నా కట్టేదాన్ని కాదు. నీళ్లు వృథా అవుతున్నాయని మీరు వచ్చి నన్ను కేకలేసేవారు. ఆ చప్పుడులో కొంచెం వినబడేది కాదు, అంతే."

"నువ్వు చెప్పొచ్చుగా."

"చెప్పాను. రెండుసార్లు చెప్పాను. దెబ్బ పడకపోతే గీత నిలబడదన్నారు. అది కూడా గుర్తులేదా?"

గుర్తులేదు. అదే మేస్త్రిని నిలువునా కోసేస్తోంది. పిల్లకి మొదటిసారి ఉలి చేతిలో పెట్టిన రోజు గుర్తుంది. ఆ రోజు వేసుకున్న గౌను రంగు గుర్తుంది. మొదటిసారి తప్పులేకుండా ఆకు చెక్కితే ఎత్తుకుని వీధంతా తిప్పింది గుర్తుంది. కర్ర గుర్తులేదు. ముక్కూమొహం తెలియనివాళ్ల పట్టకార్లలో బొటనవేలి నొప్పి కనిపెట్టినవాడికి తన చెయ్యేం చేసిందో తనకే తెలియలేదు. కంచం ముందు కూర్చుని, కలపకుండానే లేచిపోయాడు.

గురువారం పొద్దున అతను ముందే పనిగదిలోకి వెళ్లి కూర్చున్నాడు. కర్ర బల్లమీద నిన్న పెట్టినచోటే ఉంది. కూతురు వచ్చి, సంచి మేకుకి తగిలించి, సుద్ద గిన్నె మీద మూత తీసింది.

"నువ్వే పెట్టావా అమ్మా పెట్టెలో?"

"నేనే నాన్నా."

"నాతో ఒక మాట చెప్పొచ్చుగా. అంతమంది ముందు..."

"చెప్తే ఎప్పుడు కొట్టానే అనేవారు. నాకు నోరు పెగిలేది కాదు. కర్ర చెప్తే వింటారనిపించింది." ఆమె నీళ్లు పోసి సుద్ద కలపసాగింది. "ఫాదర్ గారు ఉంటారని నాకు తెలీదు. గంటాయన ఉంటాడని తెలుసు. ఎవరో ఒకరు ఉండాలనే అనుకున్నాను."

"ఇన్నాళ్లు ఎక్కడుంది ఇది?"

"పదకొండో ఏట దాచేశాను. మీరు నాలుగు రోజులు వెతికారు. తర్వాత ఇంకోటి తెచ్చుకున్నారు. అది దీనికన్నా లావు. అనవసరంగా దాచానే అనుకున్నాను." ఆమె గొంతులో కోపం లేదు. ఏదో పనిసామాను గురించి చెబుతున్నట్టే చెప్పింది. "ఎప్పుడూ ఎడమచేతి మీదే కొట్టేవారు. కుడిది పనికి కావాలిగా."

మేస్త్రికి క్షమించమనే మాట గొంతుదాకా వచ్చింది. అంత చిన్న మాట ఇంత పెద్దదాని ముందు పెట్టడానికి సిగ్గేసింది.

పదింటికి ఫాదర్ గారు ఒక్కరే వచ్చారు. కూతురు పెరట్లో పళ్లేలు కడుగుతుంటే, మేస్త్రి పక్కన స్టూలు లాక్కుని కూర్చుని గొంతు తగ్గించారు.

"ఆ కర్ర వదిలేద్దాం మేస్త్రీ. కొరడా ఉందిగా, చాలు. ఎవరూ అడగరు."

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. "మీరు మొదటిరోజు చూపించిన పుస్తకంలో, పాత పలకల మీద ఒట్టి చెయ్యి కూడా ఉంది. ఆయన్ని కొట్టినవాడి చెయ్యి. మనిషి లేకుండా, మణికట్టు దాకా."

"ఉంది. మనం అనుకున్నదాంట్లో లేదు."

"పెడదాం. ఆ కర్ర పట్టుకున్న చెయ్యి."

ఫాదర్ గారికి అర్థమయ్యేసరికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక మేస్త్రి కుడిచేతి కేసి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు. "చర్చికి వచ్చేవాళ్లందరికీ మీ వేలు తెలుసు," అన్నారు.

"తెలియాలి. ఇది మా ఇంట్లో కూడా ఉందే అనుకోవాలన్నారుగా. ముందు నేను అనుకుంటాను."

అంతవరకు బాగానే ఉంది. అసలు చిక్కు ఆయన వెళ్లాక తెలిసింది. మేస్త్రి చూడకుండా చెక్కడు. కుడిచెయ్యి కర్ర పట్టుకుంటే ఉలి పట్టేది ఎవరు? అద్దం పెట్టుకుని ఎడమచేత్తో ఒక గంట కుస్తీ పట్టాడు. చెక్కముక్క మీద చెయ్యి కాదు, ముల్లంగి లాంటిదేదో వచ్చింది. ఇంకో చెక్కముక్క తీసుకున్నాడు. అదీ పాడైంది. కూతురు అటునుంచి చూస్తూనే ఉంది, సాయం చేస్తాననలేదు.

శుక్రవారం మధ్యాహ్నం అతను ఓడిపోయి లేచాడు.

"చేతులు నువ్వే బాగా చేస్తావు," అన్నాడు. "నా చెయ్యి నువ్వు చెక్కుతావా?"

ఆమె కుంచె కడిగి, గుడ్డతో తుడిచి, బిరుసు వెంట్రుకలు వేళ్లతో సర్దింది. "ముందు గీసుకోవాలి," అంది. దూలం పక్కనున్న అరలోంచి గోధుమరంగు కాగితపు చుట్ట తీసి, వెడల్పుగా చింపి బల్లమీద పరిచింది. చుట్ట కాగితం కాబట్టి రెండు కొసలూ లేస్తున్నాయి. స్టూలు మీద కూర్చుని, కుడిచేత్తో పెన్సిలు పట్టుకుని, ఎడమచేతిని కాగితం మీద వేళ్లు విడదీసి ఆనించింది.

మేస్త్రి ఎదురుగా నిలబడ్డాడు. కర్ర తీసుకున్నాడు. వేళ్లు మళ్లీ వాటి చోట్లలోకి వెళ్లాయి. ఎంత వద్దనుకున్నా వెళ్లాయి.

"ఇట్లా సరిపోతుందా?" అని చెయ్యి ఎత్తాడు.

చప్పుడేమీ కాలేదు. కాగితం మాత్రం చటుక్కున చుట్టుకుపోయింది. దాన్ని నొక్కిపట్టిన చెయ్యి బల్లమీద లేదు. కూతురు దాన్ని ఒడిలోకి లాక్కుని, రెండో చేత్తో కప్పుకుని ఉంది. పెన్సిలు దొర్లుకుంటూ పోయి కింద పడింది.

మేస్త్రి ఆమె కేసి చూశాడు. ముప్ఫై తొమ్మిదేళ్ల మనిషి. ఇల్లు నడుపుతున్న మనిషి. మొన్న పలక దించేటప్పుడు నలుగురు కూలీల మీద కేకలేసి నిలబెట్టిన మనిషి.

"నేను తియ్యలేదు నాన్నా," అంది ఆమె, తన ఒళ్లోకి తనే ఆశ్చర్యంగా చూసుకుంటూ. "దానంతటదే పోయింది."

కర్ర దించాడు మేస్త్రి.

"అమ్మా, పాపని సెలవులకి ఇక్కడికి..."

"పంపను నాన్నా," అంది, అతను పూర్తిచేసేదాకా ఆగకుండా. "ఎప్పుడో అనుకున్నాను పంపకూడదని. మీ మొహం చూసి చెప్పలేక చూద్దాం చూద్దాం అన్నాను."

"నేను ఇప్పుడు కొట్టను."

"కొట్టరని నాకూ తెలుసు. అయినా పంపను."

మేస్త్రి తల ఊపాడు. మూలనున్న పొట్టిబల్ల కేసి చూడలేదు. ఆమె వంగి పెన్సిలు తీసుకుంది. కాగితం మళ్లీ పరిచి, ఈసారి ఒక కొసమీద జిగురు గిన్నె, రెండో కొసమీద చెప్పులాయన పట్టకారు బరువు పెట్టింది. ఎడమచెయ్యి ఒడిలోనే ఉంచుకుంది.

"ఎత్తండి," అంది.

అతను ఎత్తాడు, ఛాతీ దాకా.

ఆమె ఒక కన్ను మూసి పెన్సిలు నిలువుగా పట్టి కొలిచింది. గీయకుండా పెన్సిలు దించేసింది.

"ఇంకా పైకి నాన్నా," అంది. "ఇంత తక్కువ నుంచి కొట్టేవారు కాదు."